అవి మొప్పలు కావు, దయచేసి సవరించండి

సంపాదకులకు నమస్కారం.

తల్లి కడుపులో ఉన్నప్పుడు కుక్కపిల్లకీ దూడకీ మొప్పలుంటాయని మొన్న మీ విజ్ఞాన పేజీలో రాశారు. పశువైద్య విద్యార్థులకు అనాటమీ చెప్పేవాణ్ని, చదవగానే బాధేసింది, ఎందుకంటే ఈ ఒక్క మాటను పిల్లల బుర్రలోంచి తీయడానికే నాకు ఏటా ఒక క్లాసు పడుతుంది.

క్షీరదాలకు ఏ దశలోనూ మొప్పలుండవు. పిండం మెడ దగ్గర రెండు పక్కలా మడతల్లా ఉబ్బులు వస్తాయి, వాటిని గ్రసని (గొంతు) చాపాలంటాం. 1825లో జర్మన్ శాస్త్రవేత్త రాత్కే పంది పిండంలో వాటి మధ్య చీలికలు చూసి మొప్పలనే అన్నాడు, ఆ మాట అలాగే నిలిచిపోయింది. చేపల్లో ఈ చాపాల మీదే మొప్పలు ఏర్పడతాయి, నిజమే. కానీ క్షీరదాల్లో బయటి చీలికకూ లోపలి సంచికీ మధ్య మామూలుగా పల్చటి పొర అడ్డం ఉంటుంది, నీళ్లు పారే దారే లేదు. (చాపాల లెక్క ఒకటి నుంచి నాలుగు, ఆ తర్వాత ఆరు. ఐదోది నిలవదు. ఇది అచ్చుతప్పని అనుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.)

ఒక్కో చాపానికీ సొంత మృదులాస్థి, ధమని, కండరాలు, నాడి ఉంటాయి. మొదటిదాని నుంచి కింది దవడ, నమిలే కండరాలు వస్తాయి, వాటి నాడి ట్రైజెమినల్. రెండోదాని నుంచి ముఖ కండరాలు, నాడి ఫేషియల్. చివరి రెండూ, అంటే నాలుగోదీ ఆరోదీ, స్వరపేటికవి, వాటిది వేగస్. కండరం ఎంత దూరం జరిగినా తన నాడిని వదలదు. ఆరో చాపం నాడి ఆ చాపం ధమని కింద నుంచి వెళ్తుంది, గుండెతో పాటు ధమనులు ఛాతీలోకి దిగేటప్పుడు అదీ వాటితో కిందికి లాగబడుతుంది. జిరాఫీలో స్వరపేటికకు వెళ్లాల్సిన ఎడమ నాడి గుండె దాకా దిగి, బృహద్ధమనిని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని) చుట్టి, మళ్లీ అంత మెడా పైకెక్కడం అందుకే.

పాలు తాగినన్నాళ్లు బాగానే ఉండి, గట్టి తిండి మొదలెట్టగానే తిన్నది తిన్నట్టే బయటికి తెచ్చే కుక్కపిల్లల్ని చూడండి. నాలుగో చాపంలో ఎడమ ధమని బృహద్ధమనిగా మారాల్సింది పోయి కుడిది మారితే, అన్నవాహిక ఆ ధమనికీ గుండెకీ ఒక గట్టి తాడులాంటి లిగమెంటుకీ మధ్య ఇరుక్కుంటుంది. జర్మన్ షెపర్డ్‌లలో ఇది ఎక్కువ. ఆ లిగమెంటును తొందరగా కోసేస్తే చాలా పిల్లలు కోలుకుంటాయి, ఆలస్యమైతే అన్నవాహిక సాగిపోయి మళ్లీ మామూలు కాకపోవచ్చు. మొప్పలని నేర్చుకున్న విద్యార్థి ఆ కుక్కపిల్లను ముందు పెట్టుకుని దేన్ని గుర్తు చేసుకోవాలి?

వచ్చే వారం సవరణ వేయండి, ఆ పేజీలో వేసిన బొమ్మ కింద పేరు కూడా మార్చండి.

ఇట్లు,
ఒక అనాటమీ అధ్యాపకుడు