బోనఫైడ్ లేని పిల్లలు

సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే మీ పేపర్ నిండా అడ్మిషన్ల ప్రకటనలే. ఆ పేజీలతో మాకు పనిలేదు, ఎందుకంటే మా పిల్లలిద్దరూ బడికి పోరు. పాపకు 17, బాబుకు 14 దాటింది. ఎన్‌ఐఓఎస్ అని అందరూ పిలిచే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో పేరు నమోదు చేసుకుని ఇంట్లోనే చదువుకుంటున్నారు. తిరుపతిలో ఈ మాట చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే: "అట్లయితే నలుగురిలో కలిసేదెట్లక్కా?" జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, అందుకే మా ఇంట్లో ఒక వారం ఎట్లా గడుస్తుందో రాస్తున్నా. అసలు ఫిర్యాదు ఆ తర్వాత.

సోమవారం గురించి గొప్పలు చెప్పుకోవడానికేం లేదు. లెక్కల పుస్తకం తెరవమంటే బాబుకు అప్పుడే ఆకలేస్తుంది, పాపకు అప్పుడే ఫోన్ చార్జింగ్ గుర్తొస్తుంది, మధ్యాహ్నానికల్లా ముగ్గురం ఒకరి మీద ఒకరం అరుచుకుని ఎవరి మూల వాళ్లం చూసుకుంటాం. ఈ వయసు పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఇదే కదా. మంగళ, బుధవారాలు అసైన్‌మెంట్లకు పోతాయి. థియరీ మార్కుల్లో 20 శాతం వాటిదే, కాబట్టి వాయిదా వేస్తే కుదరదు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని లేదు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో సగం టెన్షన్ తగ్గిపోయింది.

గురువారం పాపది. పొద్దున్నే బస్సెక్కి శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్పే ఒక పెద్దావిడ దగ్గరికి పోతుంది, అప్పుడప్పుడు నేనూ తోడు పోతాను. కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరేసిన గుడ్డ మీద ముందు చింత పుల్లల బొగ్గుతో గీసుకుని, తర్వాత వెదురు కలంతో నల్ల గీత దిద్దుతారు. కలం మొనకు కాస్త పైన చుట్టిన గుడ్డ రంగును పీల్చుకుని ఉంటుంది, దాన్ని వేళ్లతో ఎంత నొక్కితే గీత అంత లావు. మొదట్లో మా పాప నొక్కిన నొక్కుడుకు నెమలి మెడ కాస్తా సొరకాయైంది. ఆ నలుపు బెల్లం, ఇనుప తుక్కు నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి చేసింది, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసినప్పుడే గుడ్డను పట్టుకుంటుంది. కెమిస్ట్రీ అంటే మొహం చిట్లించే పిల్ల ఆ రాత్రి తనంతట తానే టానిన్ గురించి చదువుతూ కూర్చుంది. అక్కడ తనతో పాటు నేర్చుకునేవాళ్లలో పెళ్లయి పిల్లలున్నవాళ్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు. నలుగురంటే వీళ్లు కారా?

బాబుకు రాళ్ల పిచ్చి. తిరుమల ఘాట్ రోడ్డులో కింద గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ కలిసే చోటు ఒకటుంది, ఆ రెండు రాళ్ల వయసుకు మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల తేడా. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. బస్సు ఆ మలుపు దాటేది క్షణాల్లో, అయినా వీడికి కొండవైపు కిటికీ సీటు దొరక్కపోతే ఆ రోజంతా అలకే. చంద్రగిరి కోటకైతే శనివారం పోతాం, శుక్రవారం అక్కడి మ్యూజియానికి సెలవు. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. కౌంటర్లో వయసు అడిగారు, బడి పేరు అడగలేదు.

నా బాధంతా ఆ రెండో ప్రశ్నతోనే. నగరంలో జరిగిన ఒక వక్తృత్వ పోటీకి పాప పేరివ్వడానికి పోతే, "బోనఫైడ్ ఏదమ్మా?" అన్నారు, అంటే ఫలానా బడిలో చదువుతోందని ఆ బడివాళ్లు రాసిచ్చే కాగితం. ఓపెన్ స్కూల్ గుర్తింపు కార్డు చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది చెల్లదు, ప్రిన్సిపాల్ స్టాంపు కావాలి" అని వెనక్కిచ్చారు. బాబుకు ఒక క్విజ్ పోటీలోనూ ఇదే అనుభవం. ఆన్‌లైన్ ఫారాలైతే మరీ ఘోరం, 'స్కూల్ పేరు' గడి నింపకపోతే తర్వాతి పేజీకే పోవు. పిల్లలు నలుగురిలో కలవడం లేదని మమ్మల్ని నిలదీస్తారు, తీరా కలుద్దామని వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు, ఇదెక్కడి న్యాయం?

కుదరక కాదు. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు బడిలో లేకపోయినా పాల్గొనవచ్చు. "ఓపెన్‌లో చదివితే డాక్టర్ కాలేరు" అనేవాళ్లకూ చెబుతున్నా, గుర్తింపు పొందిన ఓపెన్ స్కూల్ విద్యార్థులు నీట్ రాయొచ్చని 2024లో సుప్రీంకోర్టులోనే తేలింది. ఎంబీబీఎస్ సీటుకు పోటీ పడటానికి చెల్లే చదువు, కప్పూ సర్టిఫికెట్టూ ఇచ్చే వక్తృత్వ పోటీకి చెల్లదట!

అందరూ బడి మాన్పించండని నేను చెప్పడం లేదు. ఇంట్లో ఒకరు ఉద్యోగం మానుకుని కూర్చోవాలి, దానికి మా ఇంట్లోలాగా రెండో జీతం కుదురుగా ఉండాలి, పైగా పిల్లలకూ ఇష్టం ఉండాలి. అదీగాక ఈ సమస్య మా ఒక్కరిదే కాదు. కుటుంబ పరిస్థితుల వల్ల మధ్యలో బడి ఆగిపోయి, మళ్లీ ఓపెన్‌లో పదో తరగతి కట్టిన పిల్లలు జిల్లాలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లలోనూ బాగా మాట్లాడేవాళ్లు, పాడేవాళ్లు, చదరంగం ఆడేవాళ్లు ఉంటారు. వాళ్ల తరఫున ఏ ప్రిన్సిపాల్ స్టాంపు వేస్తాడు?

కాబట్టి తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పిల్లలకు పోటీలు పెట్టే సంస్థలనూ, విద్యాశాఖ అధికారులనూ మీ పత్రిక ద్వారా అడిగేది చిన్న విషయమే. వయసుకు ఆధార్ తీసుకోండి, చదువుకు ఓపెన్ స్కూల్ గుర్తింపు కార్డు తీసుకోండి, ఫారంలో స్కూల్ పేరు దగ్గర 'ఓపెన్ స్కూల్' అని ఒక గడి చేర్చండి. దసరా పోటీల ఫారాలు ఇంకా అచ్చుకు పోయి ఉండవనుకుంటా.

— ఇద్దరు పిల్లల తల్లి, తిరుపతి