అరటిపండు మీది ఈగకూ ఒక గడియారం

సంపాదకులకు నమస్కారం.

నిద్ర గురించి మీరు వేసే వ్యాసాల్లో 'జీవ గడియారం' (ఒంట్లో నిద్ర, మెలకువల రోజువారీ లయను నడిపే ఏర్పాటు) అన్న మాట తరచూ వస్తోంది. అది ఎలా నడుస్తుందో కూడా రాయండి. ఆ సంగతి చాలావరకు మనకు నేర్పింది మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగ, డ్రోసోఫిలా. ఒకే జన్యువులో మార్పుల వల్ల కొన్ని ఈగలకు రోజు 19 గంటలకు కుదించుకుపోవడం, కొన్నింటికి 28 గంటలకు సాగడం, ఇంకొన్నింటికి లయే లేకపోవడం 1971లో కోనోప్కా, బెంజర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఆ జన్యువు నుంచి తయారయ్యే 'పీరియడ్' ప్రోటీన్ రాత్రిపూట పోగుపడి, 'టైమ్‌లెస్' అనే మరో ప్రోటీన్‌తో కలిసి కణకేంద్రకంలోకి వెళ్లి తన తయారీని తానే ఆపేస్తుంది. అది కరిగిపోయాక తయారీ మళ్లీ మొదలు. వెలుగు పడితే టైమ్‌లెస్ విచ్ఛిన్నమవుతుంది. ఈగ తన గడియారాన్ని సూర్యుడితో సరిచూసుకునేది అలాగే.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం వేసేది ఒకటుంది. వేడి పెరిగితే రసాయన చర్యలు వేగం అందుకుంటాయి కదా, ఈ గడియారం మాత్రం దాదాపు అదే లయలో నడుస్తుంది! పురుగు ఈగగా మారే గూళ్ల (ప్యూపాల) నుంచి ఈగలు బయటికొచ్చే వేళల్ని గమనించి పిట్టెండ్రిగ్ అనే శాస్త్రవేత్త 1954లోనే ఈ విషయం చెప్పారు.

హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ తెచ్చిన ఈ ఈగ కథను పిల్లలకు అర్థమయ్యేలా బొమ్మలతో ఒక పూర్తి పేజీ వేయాలని కోరుతున్నాను.

– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, తెనాలి