వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు

సంపాదకులకు నమస్కారం.

65వ నంబరు జాతీయ రహదారి నల్గొండ జిల్లాలో ఎన్నో బడుల పక్కనుంచే వెళ్తుంది. తొమ్మిదో తరగతిలో గమన నియమాలు చెప్పేటప్పుడు మాత్రం దాని ఊసే అరుదు. న్యూటన్ నియమాలను వల్లె వేసే పిల్లలు, దూసుకొచ్చే కారు ఎంత దూరంలో ఆగగలదో లెక్కకట్టలేకపోతున్నారు.

ఆ లెక్క కష్టమేమీ కాదు. బ్రేకు వేస్తే వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సుమారు 23 మీటర్లలో ఆగుతుంది. వేగం 120 అయితే 46 కాదు, 93 మీటర్లు కావాలి! బ్రేకు హరించాల్సిన గతిశక్తి, అంటే కదలిక వల్ల కారుకు ఉండే శక్తి, వేగం వర్గానికి అనుపాతంలో పెరగడమే కారణం. ఈ 120 వేగంలో డ్రైవరు తేరుకుని బ్రేకు తొక్కడానికి ఒక్క సెకను పట్టినా మరో 33 మీటర్లు కలపాలి. వాన పడి ఘర్షణ తగ్గితే చెప్పనక్కర్లేదు.

హెల్మెట్ సంగతీ అంతే. తల ఆగే సమయాన్ని కొద్దిగా పెంచి, దానిపై పడే బలాన్ని తగ్గిస్తుంది. జరిమానా భయం కన్నా ఈ కారణం పిల్లలకు తెలియడం ముఖ్యం.

విద్యాశాఖ ఇలాంటి లెక్కలను ప్రాజెక్టు పనిగా ఇవ్వాలని కోరుతున్నాను.

- ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, నల్గొండ