బరంపురం నుంచి వచ్చిన పెద్దాయనకు

నిన్న రాత్రి పదకొండింటికి గేర్‌బాక్సు మళ్ళీ బండికి బిగిసింది. గోళ్ళలో గ్రీజు ఇంకా వదల్లేదు. ఇది రాయనిదే నిద్ర పట్టేలా లేదు.

పర్లాకిమిడిలో మా పెరటి షెడ్డులో ఉన్నది తాతగారి 1951 నాటి స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారు. గేర్‌బాక్సు దించితే, దాని వెనక ఒక అల్యూమినియం దిమ్మ, పక్కన ఒక తీగచుట్ట కనిపించాయి. అదేమిటో ఎవరూ పోల్చలేదు. కోసి పారేయమన్నవారూ ఉన్నారు.

ఫొటో చూసి బరంపురం నుంచి ఒక పాత మెకానిక్ ఫోను చేశారు. "ఎవరినీ ముట్టుకోనివ్వకు బాబూ, నేను వస్తున్నాను." డెబ్బై దాటిన మనిషి, తొలి బస్సులో, సంచీలో సొంత పానాలతో దిగారు! వరండాలో పాత పేపర్లు పరిచి, ఒక్కొక్క ముక్కా కిరసనాయిలుతో కడిగి వరసగా పేర్చారు. అది లేకాక్ ఓవర్‌డ్రైవ్‌ట, అంటే గేర్‌బాక్సుకు తోడుగా ఉండే అదనపు గేరు. 1950 నుంచి కారు కంపెనీవారే కోరినవారికి బిగించి ఇచ్చేవారట. ఆ తీగచుట్టే సోలినాయిడ్, కరెంటుతో పనిచేసే అయస్కాంతం. మీట వేస్తే అది కవాటాన్ని తెరుస్తుంది, నూనె ఒత్తిడికి శంకువులాంటి క్లచ్ జరిగి నడిమి పళ్ళచక్రాన్ని ఆపేస్తుంది. అప్పుడు ఇంజను నిదానంగా తిరుగుతున్నా బండి జోరు తగ్గదు. రివర్సులో మాత్రం వేసి ఉంచితే లోపలి రోలర్లు చితికిపోతాయి. ఈ మాట నాచేత మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు.

కవాటంలోని శనగగింజంత ఉక్కుగుండు నా చేయి జారి మురుగుకాలువలో పడింది. నేను తల పట్టుకు కూర్చుంటే, ఆయన పంచె ఎగగట్టి కాలువలో దిగి గంటసేపు బురద వడకట్టారు. దొరికాక తన తువ్వాలుతో తుడిచి నా అరచేతిలో పెట్టారు. నాకు ఏడుపు ఆగలేదు. డబ్బు ముట్టలేదు, రెండు గ్లాసుల మజ్జిగ తాగి బస్సెక్కారు. పేరు రాయవద్దన్నారు.

2021లో పాతబండ్ల నమోదుకు నిబంధనలు వచ్చాయి. యాభై ఏళ్ళు దాటి ఉండాలి, రుసుము 20,000 రూపాయలు. చాసీ, బాడీ, ఇంజను మార్చకూడదని ఉంది, సరే. గేర్‌బాక్సు మాట ఎక్కడుంది? రవాణా కార్యాలయంలో ఆ దిమ్మ ఫొటో చూసి "తర్వాత అతికించింది" అంటూ రెండుసార్లు కాగితాలు తిప్పికొట్టారు. నిబంధన చదివి ఉంటే ఈ తిరుగుడు తప్పేది.

మా ఆవిడ, తమ్ముడు తోడున్నారు.

అన్నట్టు, పెద్దాయన నంబరు ఇచ్చింది పాతపట్నం బోల్టుల కొట్టు అన్న. గాస్కెట్లు కోసి ఇచ్చిన కుర్రాడు కూలి తీసుకోలేదు. అయ్యో, జాకీ ఇచ్చిన ఎదురింటి ఒడియా మాస్టారిని మరిచాను! అది ఇంకా మా షెడ్డులోనే ఉంది మాస్టారూ, పొద్దున్నే తెచ్చిస్తాను.