ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక ఎవరిని అడగాలి?

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతం గురించి మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలనీ, గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలనీ వివరంగా రాశారు. ఇలాంటివి ఎన్నిసార్లు రాసినా ఎక్కువ కాదు. కానీ రోగిని ఇంటికి పంపడంతో ఆ వ్యాసం ముగిసిపోయింది. ఆ తర్వాతి సంగతులు రాసేవాళ్లు తక్కువ కాబట్టి నేను రాస్తున్నాను.

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. విజయనగరం జిల్లాలో ఒక చిన్న పట్టణంలో ఉంటాం. మా ఆవిడ వరండాలో కుట్టు మిషను పెట్టుకుని ముప్పై ఏళ్లకు పైగా మా వీధి ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టింది. రెండేళ్ల కిందట ఒకరోజు తెల్లారేసరికి ఆమెకు కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పడిపోయి ఉన్నాయి. నిద్రలో ఎప్పుడు వచ్చిందో తెలియదు. అందుకని ఆ ఇంజెక్షను ఇవ్వడం కుదరలేదు. మెదడులో ఎడమ వైపు రక్తనాళానికి గడ్డ అడ్డుపడిందన్నారు. డాక్టర్లు, నర్సులు ప్రాణం నిలబెట్టారు. వాళ్ల రుణం తీరేది కాదు.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో బీపీ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా మాత్ర, కొవ్వు తగ్గే మాత్ర, ఏది ఎప్పుడు వేసుకోవాలో అన్నీ ఉన్నాయి. అట్టడుగున ‘ఫిజియోథెరపీ చేయించాలి’ అని ఒక ముక్క ఉంది. ఎక్కడ, ఎవరి దగ్గర, ఎన్నాళ్లు అన్నది లేదు. మాట గురించి ఒక్క అక్షరం లేదు.

నడక మా అదృష్టం కొద్దీ తొందరగానే దారికి వచ్చింది. స్కూటరు మీద ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు దొరికాడు. కుర్రవాడే గానీ ఓపిక ఉన్నవాడు. రోజుకు నాలుగైదు వందలు. పడిపోయిన చేతిని పట్టుకుని లాగితే భుజం కీలు జారుతుందని, చంకలో చెయ్యి వేసి లేపకూడదని అతనే చెప్పాడు. జాకెట్టు తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి దూర్చాలి, విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి తీయాలి. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని ఇళ్లలో రోజూ పొద్దున్నే ఎంత నొప్పి, ఎంత విసుగు ఉంటుందో! మంచినీళ్లు పొరమారుతుంటే కొన్నాళ్లు జావలాగా చిక్కగా ఉన్నవే తాగించాలని కూడా అతను చెబితేనే తెలిసింది. స్నానాల గదిలో గోడకు కమ్మీ పెట్టించాం. జడ వేయడం నేర్చుకున్నాను. ‘మగవాడివి, నీవల్ల ఏమవుతుంది, ఆమెను హైదరాబాదులో అమ్మాయి దగ్గరికి పంపెయ్యి’ అన్న బంధువులకు మా ఆవిడే తల అడ్డంగా ఊపి జవాబు చెప్పింది.

పావురం రక్తం రాయమన్నవాళ్లూ, ఫలానా ఊళ్లో పసరు పోస్తారని చెప్పినవాళ్లూ వచ్చారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఏం చేయాలో తెలిసిన మనిషి అందుబాటులో లేనప్పుడు జనం పావురాల కోసమే వెతుకుతారు.

మాట సంగతి వేరు. దీన్ని అఫేసియా అంటారని విశాఖపట్నంలో ఒక స్పీచ్ థెరపిస్టు చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటికి ఆరు నెలలు గడిచిపోయాయి. నాలుక కదులుతుంది, గొంతు పలుకుతుంది, తెలివి చెక్కుచెదరలేదు. ఏం చెప్పాలో మనసులో స్పష్టంగా ఉంటుంది. ఆ మాట మాత్రం పైకి రాదు. మొదట్లో మా ఆవిడకు ‘అదే’ అన్న మాట ఒక్కటే మిగిలింది. నీళ్లు కావాలన్నా అదే, ఫ్యాను ఆపమన్నా అదే, అమ్మాయి ఫోను చేసిందా అన్నా అదే. మనం పోల్చుకోలేకపోతే ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టేది. పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు 1861లో చూసిన రోగికి ‘టాన్’ అన్న శబ్దం ఒక్కటే మిగిలిందట. అతను చనిపోయాక చూస్తే మెదడు ఎడమ ముందు భాగం దెబ్బతిని ఉంది. అన్నేళ్ల కిందటి నుంచీ వైద్య విద్యార్థులు చదువుకుంటున్న సంగతి, దాన్ని అనుభవిస్తున్న ఇంటికి చేరడానికి ఆరు నెలలు పట్టింది.

చూడటానికి వచ్చినవాళ్లందరూ ‘రాసి చూపించమనండి’ అనేవారు. అఫేసియాలో చాలామందికి మాటతో పాటు రాతా, చదువూ కూడా దెబ్బతింటాయి. అక్షరాల అట్ట ముందు పెడితే మా ఆవిడకు ఏడుపు వచ్చేది. ‘ఆరు’ అనాలంటే ఒకటి నుంచి మొదలుపెట్టి వరసగా లెక్కపెట్టుకుంటూ వచ్చి ఆరు దగ్గర ఆగాలి. అదే మనిషి సాయంత్రం దీపం పెట్టి మంగళహారతి మొదటి నుంచి చివరి దాకా తప్పు లేకుండా పాడుతుంది. నోటికి వచ్చిన పాటలు, వరస అంకెలు, వారాల పేర్లు ఇలా నిలిచి ఉండటం అఫేసియాలో మామూలేనని థెరపిస్టు చెప్పారు. ఆ పాట విన్నవాళ్లు మాత్రం ‘బాగానే పలుకుతోందిగా, కావాలనే మాట్లాడటం లేదేమో’ అన్నారు. ఆమె ఎదుటే అన్నారు.

ఈ ఉత్తరం చదివే ప్రతివారికీ నా విన్నపం ఒకటి. ఇలాంటి ఇంటికి వెళితే ‘ఈవిడకి ఎలా ఉంది?’ అని పక్కవాళ్లను అడగకండి. ఆమెనే అడగండి. టీవీ ఆపించండి. ఒకసారికి ఒక్క సంగతే మాట్లాడండి. అవునో కాదో తలాడిస్తే సరిపోయేలా అడగండి. ఆ తర్వాత ఆగండి. మాట వెతుక్కుంటున్న మనిషి ముందు ఓపికగా ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. రోజంతా చేసే పనుల్లో నాకు అన్నిటికంటే కష్టమైనది అదే. మధ్యలో మాట అందించబోతే ఆమె చెయ్యి అడ్డం పెడుతుంది.

ఏ కారణమూ లేకుండా ఏడవడం, ఒక్కొక్కసారి ఆపుకోలేక నవ్వడం కూడా మెదడు దెబ్బ వల్లనే. అది కాక నిజమైన దిగులు వేరే ఉంటుంది. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మందికి కుంగుబాటు వస్తుంది, దానికి మందు ఉంది. మేము వాడాం, మేలు చేసింది. సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇక అసలు విషయం. ‘మొదటి మూడు నెలల్లో వచ్చిందే వస్తుంది, ఆ తర్వాత ఏమీ రాదు’ అన్న మాట ఇరుగుపొరుగు నుంచి ఆస్పత్రి వరండా దాకా అందరి నోటా విన్నాను. తొలి నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుందన్నది నిజం. తర్వాత ఆగిపోతుందన్నది నిజం కాదు. పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటినా అఫేసియా తగ్గని 150 మందికి పైగా రోగులతో జర్మనీలో ఒక పరిశోధన చేశారు. వారానికి పది గంటలకు తగ్గకుండా కనీసం మూడు వారాలు స్పీచ్ థెరపీ ఇస్తే రోజువారీ మాటల్లో మెరుగుదల కనిపించింది. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మాకు వారానికి పది గంటలు ఎక్కడ దొరుకుతుంది? విశాఖపట్నానికి రైలులో రెండు గంటలకు పైనే పడుతుంది, మెట్లు ఎక్కలేని మనిషితో ప్లాట్‌ఫారం మారడానికే ఇంకో అరగంట. నెలకు ఒకటి రెండు సార్లు వెళ్లి, మిగతా రోజుల్లో ఫోనులో వీడియో పెట్టుకుని థెరపిస్టు చెప్పినట్టు చేయిస్తున్నాను. అంతమాత్రానికే రెండో ఏడాదిలో మాటలు వస్తున్నాయి. మొన్న పాలవాడి ముందు గిన్నె ఎత్తి చూపించి ‘పాలు... నీళ్లు! పాలు నీళ్లు!’ అని గట్టిగా దబాయించింది. అతను బిత్తరపోయాడు. నాకు పండగే అయింది.

ఇంటివాళ్లకు కాస్త నేర్పి పంపిస్తే చాలదా అని అధికారులు అనవచ్చు. దానికీ జవాబు ఉంది. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులపై పరిశోధన చేశారు. అది కూడా 2017లోనే, అదే లాన్సెట్‌లో వచ్చింది. సగం మందికి, ఇంట్లోవాళ్లే వ్యాయామాలు చేయించేలా శిక్షణ ఇచ్చారు. మిగతావారికి మామూలు వైద్యమే. ఆరు నెలల తర్వాత చూస్తే చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిసి రెండు వైపులా 47 శాతమే. ఇంట్లో మనం చేసేది వృథా అని దీని అర్థం కాదు. జాకెట్టు తొడగడం నేర్చుకోకపోతే మా ఆవిడ భుజం ఏమై ఉండేదో. కానీ థెరపిస్టు చేయాల్సిన పని భార్య నెత్తిన, భర్త నెత్తిన, కోడలి నెత్తిన పడేసి ప్రభుత్వం చేతులు దులుపుకుంటే రోగి లేవడు.

థెరపీ గది బయట బెంచీ మీద నా పక్కన కూర్చునేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. నాకు పెన్షను ఉంది. వాళ్లలో చాలామందికి కూలి పనే ఆధారం. మొగుడు మంచాన పడితే అతని కూలీ పోతుంది, అతన్ని కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి ఆమె కూలీ కూడా పోతుంది. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000 రూపాయలు పెన్షను ఇస్తున్నారు. అది పెద్ద ఆసరా, కాదనను. అయితే మంచాన పడ్డవారికి డబ్బు ఇచ్చే ఏర్పాటు ఉన్నప్పుడు, మంచాన పడకుండా లేపి నడిపించే ఏర్పాటు కూడా ఉండాలి కదా. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి కూడా ఉంది. బెంచీ మీద కూర్చునే ఆ ఆడవాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

అదే చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాట, భాషా వైకల్యం ఒకటి. అఫేసియా పేరు అందులో స్పష్టంగా ఉంది. సర్టిఫికెట్టు శిబిరంలో మొదట మా ఆవిడ కాలూ చెయ్యీ మాత్రమే చూశారు. చట్టం కాపీ చూపించాక మాటను కూడా పరీక్షించారు. మీరు వెళ్లేటప్పుడు ఆ సంగతి అడగండి.

ప్రభుత్వాన్ని నేను కోరేది కొత్త భవనాలు కాదు. పిల్లల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో పెట్టిన చికిత్స కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు పోస్టులు ఉన్నాయి. అవి పద్దెనిమిదేళ్ల లోపువారికి. అలాంటి ఏర్పాటే పెద్దవారికీ చేసి, ఆ థెరపిస్టులను వారానికి ఒక రోజైనా ప్రతి ఏరియా ఆస్పత్రికి పంపాలి. మిగతా రోజుల్లో ఫోనులో వీడియో ద్వారా చేయించవచ్చు, మేము చేస్తున్నదే అది. డిశ్చార్జి కాగితంలో మాత్రల పక్కన, థెరపీకి ఎక్కడికి వెళ్లాలో, ఎవరికి ఫోను చేయాలో రాయాలి. ఎవరికి మాట పడిపోయిందో ఆ కాగితంలోనే నమోదు చేయాలి.

తెలుగులో అభ్యాసాలు కూడా కావాలి. మాకు మొదట దొరికిన బొమ్మల పుస్తకంలో ఆపిలు, గొడుగు, రైలింజను ఉన్నాయి. మా ఆవిడ వాటిని చూసి ముఖం తిప్పుకుంది. అప్పుడు నేను ఆమె మిషను సొరుగులోంచి కత్తెర, టేపు, బాబిను, హుక్కులు, దారపు ఉండ తీసి ఫోటోలు తీశాను. ‘కత్తెర’ మొదటి వారంలోనే వచ్చింది. రైతుకు నాగలి, కాడి ఉండాలి. వంటమనిషికి గరిటె, మూకుడు ఉండాలి. మా ఫోటోలు, వాటితో చేయించే అభ్యాసాలు థెరపిస్టు దిద్దిన తర్వాత ఒక చిన్న పుస్తకంగా కుట్టాను. ఎవరికైనా అవసరమైతే మీ కార్యాలయానికి రాయమనండి. కాపీలు తీయించి నా ఖర్చుతో పోస్టులో పంపుతాను.

ఇట్లు,
తపాలా శాఖ విశ్రాంత ఉద్యోగి,
విజయనగరం జిల్లా