శనివారం ఉత్తరం గాడిన పడింది, తమ్ముడికీ అక్కకీ కృతజ్ఞతలు

పోయిన రెండు శనివారాలూ మీకు వచ్చిన ఈమెయిల్ ఉత్తరం నేను ముందేసుకుని కూర్చుని తయారుచేసింది కాదు. ట్విట్టర్ లాంటి వేదిక మాస్టొడాన్‌లో రోజూ నేను రాసే పోస్టులే వారం చివర ఒకచోట చేరి, బొమ్మలతో సహా ఉత్తరంగా మారి నా ముందుకు వచ్చాయి. చదివి చూసుకుని పంపడం ఒక్కటే నా వంతు. ఇది ఇద్దరు మనుషుల చలవ: వరంగల్ తమ్ముడు, న్యూజెర్సీ అక్క. వాళ్లకు విడిగా ఎన్నిసార్లు చెప్పినా నాకు తృప్తి కలగడం లేదు, అందుకే అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

కొత్తగా వచ్చినవాళ్లకు రెండు ముక్కలు. నేను రోజుకో పాతమాట రాస్తుంటాను. దాలి (పిడకల నిప్పు మీద పాలు కాచే గుంట), ఉట్టి, కవ్వం, చిక్కం, నాలుగు మానికలు కలిస్తే వచ్చే కుంచం, ఇలా మా అమలాపురం ఇంట్లో నేను విన్న మాటలు. ఫోటో దొరికితే ఫోటో కూడా పెడతాను. కానీ ఈ మాటలు నిజంగా ఎవరి నోట్లో నానాయో ఆ పెద్దవాళ్లలో చాలామందికి సోషల్ మీడియా ఖాతాలు లేవు. ఈమెయిల్ ఉంది, పిల్లలు పెట్టిచ్చారు. అందుకని శనివారం ఏడు పోస్టులూ కాపీ చేసి, ఫోటోలు మళ్లీ ఎక్కించి, ఉత్తరంగా పంపేదాన్ని. రెండు గంటల పని. ఒంట్లో బాగోలేకపోతే ఆ వారం ఉత్తరం లేనట్టే. ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఏమ్మా, ఈ వారం రాలేదేం?" అని అడిగితే ప్రాణం చివుక్కుమనేది.

మాస్టొడాన్‌లో మన ప్రొఫైల్ చిరునామా చివర ఒక చుక్క పెట్టి ఇంగ్లీషులో ఆర్ఎస్ఎస్ (rss) అని చేరిస్తే మన తాజా పోస్టులు వేరే ప్రోగ్రాములు చదువుకోగల ఒక ఫీడ్‌గా కనిపిస్తాయి. ఉత్తరాలు పంపే నా సర్వీసు ఆ ఫీడ్‌ని చదవగలదని తెలిసింది. ఒక రాత్రి పదకొండింటికి రెంటినీ కలిపేసి పడుకున్నాను. ఫీడ్‌లో ఉన్న 20 పోస్టులూ 20 వేర్వేరు మెయిళ్లుగా, జాబితాలో ఉన్న 140 మందికీ వెళ్లిపోయాయి. ఒక్కదానికీ సబ్జెక్టు లేదు. తెల్లారకుండానే హైదరాబాద్ నుంచి మా పెద్దమ్మ ఫోన్: "అమ్మాయ్, నీ ఖాతా ఎవరన్నా కొట్టేశారా? రాత్రంతా ఫోన్ టింగుటింగుమంటూనే ఉంది." 11 మంది జాబితాలోంచి తప్పుకున్నారు. ఆ రోజు అన్నం సయించలేదు.

జరిగింది జరిగినట్టు నా ఖాతాలో రాసి, క్షమించమని అడిగాను. గంట తిరక్కుండా వరంగల్ నుంచి ఒక అబ్బాయి జవాబిచ్చాడు. బీటెక్ ఆఖరి సంవత్సరం. అంతకు ముందు మాటా పలుకూ లేదు. "ఏం ఫికర్ చెయ్యకక్కా, సాయంత్రం కూసుందాం" అన్నాడు. తన పరీక్షలు దగ్గర పడ్డా సరే, నాలుగు సాయంత్రాలు వీడియో కాల్‌లో నాతో కూర్చున్నాడు.

మొదట ఎందుకలా జరిగిందో చెప్పాడు. మాస్టొడాన్ పోస్టుకి శీర్షిక అంటూ ఉండదు, కాబట్టి ఫీడ్‌లోనూ ఉండదు. సర్వీసు ఆ ఖాళీనే సబ్జెక్టుగా పెట్టింది. పైగా ఫీడ్‌లో ఏది పాతదో ఏది కొత్తదో దానికి తెలియదు, మొదటిసారి చూసినవన్నీ కొత్తవే. ఒక్కో పోస్టుకి ఒక్కో మెయిలా, వారానికి ఒకటేనా అన్నది నేను ఎంచుకోవాల్సింది, నేను చూడలేదు. ఈ మాట చెప్పేటప్పుడు కూడా "తప్పు మీది" అన్న ధ్వని రానివ్వలేదు. నాకది ఎంతో ఊరట.

తర్వాత పైథాన్‌లో ఒక చిన్న స్క్రిప్టు (ప్రోగ్రాము) రాశాడు. రోజూ సాయంత్రం అది ప్రోగ్రాములు ఉంచి నడిపే సైటు గిట్‌హబ్‌లో దానంతటదే నడిచి, నా ఫీడ్ చదివి, పోస్టులో మొదటి వాక్యాన్ని శీర్షికగా పెట్టి, ఫోటోని పాఠం కిందికి చేర్చి కొత్త ఫీడ్ తయారుచేస్తుంది. సర్వీసు ఇప్పుడు ఈ కొత్త ఫీడ్‌ని చదువుతుంది. మొదటి రోజు సాయంత్రం ఆరుకి నడవాల్సింది రాత్రి పదకొండున్నరకి నడిచింది. అక్కడి గడియారం మనది కాదు, మనం ఐదున్నర గంటలు ముందున్నాం. ఆరు కావాలంటే దానికి మధ్యాహ్నం పన్నెండున్నర అని చెప్పాలి. అది ఇద్దరం కలిసే కనిపెట్టాం.

అసలు చిక్కు తెలుగు దగ్గర వచ్చింది. పొడుగు వాక్యాన్ని శీర్షిక కోసం కత్తిరిస్తే, చివరి అక్షరం విరిగి, నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం ప్రత్యక్షమైంది. తమ్ముడు "స్త్రీ" అన్న మాట తీసుకుని విప్పి చూపించాడు. కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. ఒక్కొక్కటి దాచడానికి మూడు బైట్లు (కంప్యూటర్ కొలత) కావాలి, అంటే పద్దెనిమిది. బైట్లు లెక్కపెట్టి కోస్తే కత్తి ఎక్కడ పడుతుందో చెప్పలేం. ఈ ముక్కలు లెక్కపెట్టి కోసినా పొల్లు దగ్గర తెగి, ఒత్తులు రాలిపోతాయి. అందుకని మాట పూర్తయ్యాక వచ్చే ఖాళీ దగ్గరే ఆగేట్టు మార్చాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి రాస్తున్న అక్షరాన్ని అలా లోపలి నుంచి చూడటం అదే మొదటిసారి. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, ఈసారి సంతోషంతో.

ఫోటోలకి నేను రాసే వివరణ కూడా ఉత్తరంలోకి వచ్చేలా చూడమని అడిగాను. మచిలీపట్నంలో మా పెదనాన్నగారికి చూపు తగ్గింది, ఫోన్ చదివి వినిపిస్తే వింటారు. పాత పద్ధతిలో ఫోటో దగ్గరికి వచ్చేసరికి ఫోన్ వట్టి "చిత్రం" అని ఊరుకునేది. ఇప్పుడు "నులక తాడుతో అల్లిన ఉట్టి, అందులో మట్టికుండ" అని చదువుతోందట. "కనపడ్డట్టే ఉందే" అన్నారు.

అన్నిటికన్నా మంచి సలహా చివర ఇచ్చాడు. ఉత్తరం నేరుగా పాఠకులకి పోకూడదు, డ్రాఫ్టుగా ఆగాలి, మీరు చదివాకే కదలాలి అన్నాడు. అది ఎంత అవసరమో మొదటి వారమే తెలిసింది. మధ్యలో నేను పెట్టిన కరెంటు కోత పోస్టొకటి కూడా వచ్చి ఉత్తరంలో కూర్చుంది. ఇక నుంచి పాతమాటల పోస్టులకి మాత్రమే ఒక ట్యాగ్ పెడుతున్నాను, మాస్టొడాన్ ఆ ట్యాగ్ ఉన్నవాటికి విడిగా ఫీడ్ ఇస్తుంది.

న్యూజెర్సీ అక్క గురించి చెప్పకపోతే తప్పవుతుంది. కొందరికి ఉత్తరం స్పామ్‌లో పడుతోందని చూసి, 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పంపింది అసలువాళ్లేనా అన్న విషయంలో గట్టిగా ఉంటున్నాయని చెప్పి, నా డొమైన్ సెట్టింగుల్లో, మెయిల్ నిజంగా నా నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు దగ్గరుండి పెట్టించింది. ఆవిడకి అది అర్ధరాత్రి. మూడు రకాల మెయిల్ యాప్‌లలో తెరిచి చూసి, ఒత్తులు ఎక్కడా చెదరలేదని నిర్ధారించుకున్నాకే పడుకుంది.

ఫేస్‌బుక్ ప్రొఫైల్‌లో రాసేవాళ్లు ఇది మాకూ కుదురుతుందా అని అడుగుతున్నారు. అక్కడ ఇలాంటి ఫీడ్ లేదు. ముందు ఫీడ్ ఉన్నచోట రాసి, తర్వాత అక్కడ అతికించుకోండి. నేను చేస్తున్నదీ అదే. మాస్టొడాన్ లాంటిదే అయిన బ్లూస్కైలోనూ ప్రొఫైల్‌కి ఫీడ్ ఉంది. స్క్రిప్టు అందరికీ తెరిచే ఉంచాడు తమ్ముడు. తెలుగులో రాసేవాళ్లు ఎవరడిగినా, నాకు తెలిసినంత మేర పక్కన కూర్చుని పెట్టించే బాధ్యత నాది.

తప్పుకున్న 11 మందిలో ఏడుగురు తిరిగి వచ్చారు. మిగతా నలుగురికీ మరోసారి క్షమాపణలు.

తమ్ముడు డబ్బు మాట ఎత్తనివ్వలేదు. తన మెయిల్‌ని జాబితాలో చేర్చమన్నాడంతే, ఆదివారం నానమ్మకి చదివి వినిపిస్తాడట. మొన్న వినిపించాడు. దాలి గురించి విని ఆవిడ, "మా ఇంట్ల కూరాడు ఉండేది, దాని సంగతి రాయలేదేంది ఆ బిడ్డ?" అని అడిగిందట. ఇంట్లో దేవుడితో సమానంగా చూసుకునే ఆ కుండ గురించి మా కోనసీమ వైపు నేనెప్పుడూ వినలేదు. రేపు సాయంత్రం ఫోన్‌లో ఆవిడ చెబుతానంది, మంగళవారం పోస్టు అదే.