రింగు గుండ్రంగా ఉంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మెలి తిరిగిన కాంతి (ముందుకు పోతూ స్క్రూ మరలా చుట్టుకునే తరంగాల కాంతి) మీద వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఇలాంటి పుంజంలో ప్రతి ఫోటానూ మెలికల సంఖ్యకు తగ్గ కోణీయ ద్రవ్యవేగాన్ని (తిప్పే ఊపును) మోస్తుందని 1992లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో భౌతిక శాస్త్రవేత్త అలెన్ బృందం చెప్పిన సంగతి ఇంటర్ పిల్లలకు కూడా అర్థమయ్యేలా రాశారు. కానీ ‘తెర మీద మధ్యలో చిల్లున్న రింగు పడితే పుంజం సిద్ధమైనట్టే’ అన్న ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. బెంగళూరులో పదిహేడేళ్లుగా లేజర్లు అలైన్ చేయడమే నా ఉద్యోగం. ఆ మాట నమ్మి మా ల్యాబులో ఒకమ్మాయి మూడు వారాలు పోగొట్టుకుంది.

తను అనంతపురం నుంచి వచ్చిన పీహెచ్‌డీ విద్యార్థిని. ఒక మెలిక ఉన్న పుంజాన్ని పంపుతుంటే, అవతల సున్నా మెలికల లెక్కలోనూ, రెండు మెలికల లెక్కలోనూ వెలుతురు పడేది. మెలికల సగటు మాత్రం సరిగ్గా 1. సగటు బాగుంది కదా అని అలైన్‌మెంట్ జోలికి పోకుండా డిటెక్టర్‌ని అనుమానించింది. ఆ టెన్షన్‌లో సరిగా తినడం కూడా మానేసింది.

ముందు కెమెరా ఎక్స్‌పోజర్ తగ్గించి చూశాను. పుంజం పుట్టే చోటే చిల్లు పక్కకు జరిగి ఉంటే రింగు ఒకవైపు లావుగా కనిపించాలి. ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఆ తేడా వెలుగులో మునిగిపోతుంది. ఇక్కడ అలాంటిదేం లేదు, రింగు గారెలా చక్కగా ఉంది. అంటే తప్పు పుంజంలో లేదు, దాన్ని కొలిచే చోట ఉంది. కొలిచే పరికరం నడిమిగీత నుంచి పుంజం కాస్త జరిగినా, కాస్త వంగినా, అందులోని వెలుతురు పక్క మెలికల్లోకి రెండువైపులా సమానంగా చిందుతుంది. అందుకే సగటు కదలదు. అడ్డంగా జరిగి, నిలువుగా కూడా వంగితే అప్పుడు సగటే మారిపోతుంది.

కాబట్టి చూడాల్సింది సగటుని కాదు, చిందిన వెలుతురుని. కొలిచే పరికరం స్క్రీన్ మీద, మెలికల్ని విడదీసే ఫోర్క్ బొమ్మను (ముళ్ల చెంచాలా చీలిన గీతల బొమ్మ) ఒక్కో పిక్సెల్ జరుపుతూ, పక్క మెలికల్లో ఎంత పడుతోందో రాసుకుంటూ పోయాం. ఒకచోట బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఆ మిగిలింది వంపు. మాది 633 నానోమీటర్ల ఎర్ర లేజరు, పుంజం వ్యాసార్ధం 1 మిల్లీమీటరు. అలాంటి పుంజం సహజంగా విచ్చుకునే కోణమే 5 మీటర్లకు 1 మిల్లీమీటరు. వంపు అందులో సగం ఉన్నా కొలత చెడుతుంది, కంటికి మాత్రం ఆనదు. అద్దం నాబుని వెంట్రుకవాసి తిప్పడం, మళ్లీ ఫోర్క్ సర్దడం, మళ్లీ నాబు. సాయంత్రం ఆరున్నరకి రెండు పక్కలూ చీకటయ్యాయి. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ ఇంటికి ఫోన్ చేసింది. మర్నాడు ఏసీ వేసిన గంటకి కొలిస్తే మళ్లీ కొంచెం జరిగింది. ఇది రోజూ చేసుకోవాల్సిన పనే.

ఈ ఊరికి ఈ విషయంతో పాత చుట్టరికం ఉంది. మెలి కాంతిని పుట్టించే క్యూ-ప్లేట్ పనిచేసేది, 1956లో ఇక్కడి రామన్ సంస్థలో భౌతిక శాస్త్రవేత్త పంచరత్నం చెప్పిన దశ (కాంతి తరంగం తన ఎగుడుదిగుళ్లలో ఎక్కడుందో చెప్పే లెక్క) సూత్రం మీదే.

మన జిల్లాల కాలేజీలు కూడా ఇప్పుడు లేజర్లు కొంటున్నాయి. మీ వ్యాసం ఆ పిల్లల చేతికి వెళ్తుంది. దయచేసి ఆ వాక్యాన్ని సవరించండి. రింగు ఫొటో పక్కనే ఏ మెలికలో ఎంత వెలుతురుందో చూపే పటాన్ని, సర్దకముందుదీ సర్దాక తీసిందీ, రెండూ వేయండి. కావాలంటే మా నోటు పుస్తకంలోవి పంపిస్తాను.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, మత్తికెరె, బెంగళూరు